పిల్లల నోరు ఎంత తెరుచుకోవాలి? కొలవడం ఎలా? – తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల ఎత్తు గోడ మీద పెన్సిల్‌తో గీసి పెట్టుకుంటాం. బరువు టీకాల కార్డులో ఉంటుంది. ఒళ్లు వెచ్చబడితే థర్మామీటరు తీస్తాం. నోరు ఎంత తెరుచుకుంటుందో మాత్రం ఏ ఇంట్లోనూ రాసి ఉండదు. నేను పిల్లల పళ్ల డాక్టరుని. దవడ బిగుసుకుపోయిన పిల్లల్ని నా దగ్గరికి తీసుకొచ్చినప్పుడు నేను మొదట అడిగేది, "ఇదివరకు ఎంత తెరిచేవాడు?" అని. "బాగానే తెరిచేవాడండీ" అంటారు. ఆ "బాగానే" బదులు ఒక అంకె చెప్పగలిగితే కొంతమంది పిల్లలకు నెలల తరబడి బాధ తప్పేది. తల్లిదండ్రులు, టీచర్లు, ఈ మధ్యే ప్రాక్టీసు మొదలుపెట్టిన డాక్టర్లు నన్ను అడిగిన ప్రశ్నలు, నా జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఏం కొలుస్తారు?

పిల్లలు నోరు వీలైనంత పెద్దగా తెరిచినప్పుడు పై వరస ముందు పంటి అంచు నుంచి కింది వరస ముందు పంటి అంచు దాకా ఉన్న దూరం. అంతే. పెదవుల మధ్య దూరం కాదు, పళ్ల మధ్య దూరం. దాన్ని మిల్లీమీటర్లలో రాస్తాం. నిమిషం పని. నొప్పి లేదు, ఖర్చు లేదు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో మామూలుగా ఎంత ఉంటుంది?

ఉజ్జాయింపుగా చెప్పాలంటే ఐదారేళ్ల పిల్లల్లో 40 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ, పదేళ్ల దగ్గర 45 చుట్టుపక్కల, టీనేజీ చివరికి వచ్చేసరికి 50 దరిదాపుల్లో ఉంటుంది. పెద్దవాళ్లలో 40 నుంచి 55 దాకా మామూలే. పెద్దవాళ్లకి 35 కంటే తగ్గితే దవడ బిగుసుకుందనే చూస్తాం.

అయితే ఈ సగటు అంకెల్ని పట్టుకుని పిల్లల్ని కొలిస్తే పొరపాటు పడతాం. ఎందుకో ఒక పెద్ద లెక్క చూస్తే అర్థమవుతుంది. స్విట్జర్లాండ్‌లోని జూరిక్ నగరంలో స్కూలు పిల్లలకు ఏటా పళ్ల పరీక్ష చేస్తారు. అక్కడ ఒక ఏడాది పరీక్షకు వచ్చిన ఆరోగ్యవంతులైన పిల్లలందరి నోటినీ కొలిచారు. మొత్తం 20,719 మంది. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సగటు 45 మిల్లీమీటర్లు వచ్చింది. నాకు దానికంటే ముఖ్యంగా కనిపించేది ఆ అంకెల విస్తీర్ణం. అందరికంటే తక్కువ తెరిచినవారికి 25, అందరికంటే ఎక్కువ తెరిచినవారికి 69. అందరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. వయసుతోపాటు కొలత పెరుగుతుంది, నిజమే. కానీ ఒకే వయసు పిల్లల మధ్య ఉండే తేడా కూడా తక్కువేం కాదు.

అంటే పక్కపక్క బెంచీల్లో కూర్చున్న ఇద్దరు మూడో తరగతి పిల్లల్లో ఒకరికి 38, ఇంకొకరికి 50 ఉండొచ్చు. ఇద్దరి దవడలూ భేషుగ్గా ఉండొచ్చు. అందుకే నేను చెప్పేది ఒకటే: మీ పాప కొలతను పోల్చాల్సింది పుస్తకంలో సగటుతో కాదు, పోయినసారి మీ పాపకే వచ్చిన కొలతతో. ఎప్పుడూ 38 ఉన్న పాపకి 38 ఉంటే మంచిదే. 50 ఉన్న బాబుకి 38కి దిగితే అది నాకు కబురు చెయ్యాల్సిన సంగతి.

మా అమ్మాయికి 37 వచ్చింది. పక్కింటి అబ్బాయికి 46 అట. టెన్షన్ పడాలా?

అన్నం ముద్ద హాయిగా పెట్టించుకుంటోందా? జామకాయ కొరుకుతోందా? ఆవలించేటప్పుడు నొప్పి లేదు కదా? నోరు తిన్నగా తెరుచుకుంటోందా? వీటన్నిటికీ జవాబు బాగుంటే టెన్షన్ వద్దు. ఆ 37ని తేదీ వేసి రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ చూడండి.

బడికెళ్లే వయసులో 35 కంటే తక్కువ వస్తే మాత్రం ఒకసారి పళ్ల డాక్టరుకి చూపించమంటాను. జబ్బు ఉందని కాదు. ఆ పిల్లకి అది మామూలా కాదా అని ఎవరో ఒకరు తీరిగ్గా చూడాలని.

ఇంట్లో కొలవచ్చా? ఏ స్కేలు వాడాలి?

నిక్షేపంగా కొలవచ్చు. చాలామంది తప్పు చేసేది స్కేలు దగ్గరే. పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే ప్లాస్టిక్ స్కేలు తీసి చూడండి. సున్నా గీత స్కేలు చివర ఉండదు. చివరి నుంచి సున్నా దాకా కొంత ఖాళీ ఉంటుంది. నా టేబుల్ మీద ఉన్న స్కేలులో ఆ ఖాళీ 5 మిల్లీమీటర్లు. స్కేలు చివరని కింది పంటి మీద ఆనించి, పై పంటి దగ్గర 36 అని చదివితే అసలు కొలత 41 అన్నమాట. ఒక తండ్రి ఫోన్ చేసి "మా వాడికి 34 ఏనండీ, రాత్రంతా నిద్ర లేదు" అన్నారు. స్కేలు చూడమన్నాను. వాళ్ల స్కేలులో ఉన్న ఖాళీ కలుపుకుంటే 40 అయింది. చివర నుంచే సున్నా మొదలయ్యే స్టీలు స్కేలు ఉంటుంది కానీ, దాని అంచు పదును. కదిలే పిల్లల నోట్లో దాన్ని పెట్టొద్దు.

నేను ఇంటికి చెప్పే పద్ధతి వేరు. ఒక పాత శుభలేఖ అట్ట తీసుకోండి. వేలెడు వెడల్పు ముక్క కత్తిరించండి. మూలలు గుండ్రంగా చెయ్యండి. పిల్లని కుర్చీలో నిటారుగా, వీపు ఆనించి కూర్చోబెట్టండి. తల తిన్నగా ఉండాలి, చూపు ఎదురుగా ఉండాలి. తల పైకెత్తితే ఒక అంకె, గడ్డం లోపలికి లాక్కుంటే ఇంకో అంకె వస్తాయి కాబట్టి ప్రతిసారీ ఒకేలా కూర్చోబెట్టడం ముఖ్యం. అట్ట చివరని కింది ముందు పంటి అంచు మీద నిలబెట్టండి. పై పంటి అంచు ఎక్కడ తగిలిందో అక్కడ బొటనవేలి గోరుతో నొక్కి పట్టుకోండి. బయటికి తీసి పెన్సిల్‌తో గీత గీసి, స్కేలు మీద సున్నా నుంచి కొలవండి. మధ్యలో ఉన్న రెండు పళ్లలో కుడివైపుదే ఎప్పుడూ వాడండి, లేదా ఎడమవైపుదే ఎప్పుడూ వాడండి. మార్చొద్దు.

మూడుసార్లు తెరిపించండి. మధ్యలో నోరు మూసి, ఉమ్ము మింగి, కాస్త ఆగనివ్వండి. మూడింటిలో పెద్ద అంకె రాసుకోండి. పిల్లలు మొదటిసారి ఎప్పుడూ పూర్తిగా తెరవరు, మనసులో కొంచెం భయం ఉంటుంది. "నోరు తెరువు" అంటే తెరిచేది ఒకంత, "సింహం ఎలా ఆవలిస్తుందో చూపించు కన్నా" అంటే తెరిచేది ఇంకొంత. నా క్లినిక్‌లో ఈ రెండు మాటలకీ మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల తేడా రావడం చాలాసార్లు చూశాను. ముందు అమ్మ నోరు తెరిచి కొలిపించుకుంటే పిల్లలు తమంతట తామే ముందుకొస్తారు. చేత్తో దవడ కిందికి లాగకండి. మనకి కావాల్సింది పిల్లలు తమంతట తాము తెరిచిన కొలత.

మూడు వేళ్లు పట్టాలంటారు కదా, అది నమ్మొచ్చా?

స్కేలు లేనప్పుడు బాగా పనికొస్తుంది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు ఒకదాని మీద ఒకటి పెట్టి, గోటి దగ్గరి మొదటి కణుపు గీత దాకా పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య నిలువుగా పెట్టాలి. మూడూ పడితే దవడ దాదాపు సరిగా ఉన్నట్టే. ఒక్క షరతు: అవి పిల్లవాడి వేళ్లే అయి ఉండాలి. మా ఊరి స్కూల్లో ఒక టీచరుగారు తన మూడు వేళ్లు రెండో తరగతి పిల్లల నోట్లో పెట్టబోయి, సగం మందికి పట్టడం లేదని కంగారుపడ్డారు. నోరు పెరిగే కొద్దీ వేళ్లూ పెరుగుతాయి. ఈ పరీక్ష బలమంతా అందులోనే ఉంది.

రెండు వేళ్లే పడితే అట్టముక్కతో కొలిచి చూడండి. ఒక వేలే పడితే ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చేతులు సబ్బుతో కడిగించడం మరిచిపోకండి.

ముందు పళ్లు ఊడిపోయాయి. ఇప్పుడెలా కొలవాలి?

ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఇదే పెద్ద చిక్కు. కింది ముందు పళ్లు ఆరేడేళ్లకి, పై ముందు పళ్లు ఏడెనిమిదేళ్లకి ఊడతాయి. పాలపళ్లలో పైదాని ఎత్తు సుమారు 6 మిల్లీమీటర్లు, కిందిదాని ఎత్తు 5. రెండూ లేనప్పుడు చిగురు నుంచి చిగురుకి కొలిస్తే, దవడలో ఏ మార్పూ లేకుండానే కొలత 11 మిల్లీమీటర్లు పెరిగినట్టు కనిపిస్తుంది. తర్వాత వచ్చే శాశ్వత దంతాలు పాలపళ్ల కంటే పొడుగు. పూర్తిగా దిగాక పైదానికి 10 నుంచి 11, కిందిదానికి సుమారు 9 ఉంటుంది. ఆ పొడుగంతా మధ్యలో ఉన్న ఖాళీని ఆక్రమిస్తుంది. కాబట్టి ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య కొలత ఎదగకుండా ఆగిపోయినట్టు, ఒక్కోసారి రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గినట్టు కూడా అనిపించవచ్చు. దవడ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది.

ఈ వయసులో నేను చేసేది ఇది. ముందు పన్ను ఒకటి ఉంటే దానితోనే కొలుస్తాను. ఏదీ లేకపోతే పక్కనున్న కోరపళ్ల మధ్య కొలిచి, "పాల కోరపళ్లు, కుడివైపు" అని పక్కన రాస్తాను. కోరపళ్లు తొమ్మిది పది దాటేదాకా ఉంటాయి కాబట్టి ఆ రెండు మూడేళ్లకి అవే ఆధారం. సగం వచ్చిన పన్నుతో కొలిస్తే "పన్ను సగం వచ్చింది" అని రాస్తాను. అంకె పక్కన ఈ చిన్న మాట లేకపోతే ఏడాది తర్వాత చూసినవాళ్లకి ఆ అంకె ఏమీ చెప్పదు.

మేం కొలిస్తే 42, డాక్టరు కొలిస్తే 45. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు. ఒకే మనిషి, ఒకే పిల్లని, పది నిమిషాల తేడాతో కొలిచినా రెండు మూడు మిల్లీమీటర్లు మారుతుంది. అంత తేడాని పట్టించుకోకండి. ఐదారు మిల్లీమీటర్లు తగ్గి, మర్నాడు కొలిచినా అంతే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

కొన్నిసార్లు తేడాకి ఇంకో కారణం ఉంటుంది. నోరు మూసినప్పుడు పై పళ్లు కింది పళ్లను కొంత కప్పుతాయి. కొందరు డాక్టర్లు ఆ కప్పిన భాగాన్ని కూడా కొలతకి కలుపుతారు, ఎందుకంటే దవడ నిజంగా కదిలింది అంత దూరం. ఇంకొందరు కలపరు. రెండూ సరైన పద్ధతులే. మీ డాక్టరు ఏ పద్ధతిలో రాశారో అడిగి తెలుసుకోండి. ఇంట్లో మాత్రం కలపకుండా రాసుకోవడమే సులువు.

నోరు తెరిచేటప్పుడు దవడ కీలులో ఏం జరుగుతుంది?

మీ చూపుడువేళ్లు రెండూ చెవుల ముందు, చెవి రంధ్రానికి ఎదురుగా ఉండే చిన్న మెత్తని బుడిపెకి కాస్త ముందు పెట్టుకుని నెమ్మదిగా నోరు తెరవండి. మొదట వేళ్ల కింద పెద్దగా కదలిక తెలియదు. తలుపు బందులా దవడ తిరుగుతుంది, అంతే. పెద్దవాళ్లలో మొదటి 20, 25 మిల్లీమీటర్లు ఇలాగే. ఆ తర్వాత దవడ ఎముక పై చివరనున్న గుండు ముందుకి జారి, మీ వేలి కింద చిన్న గుంట పడుతుంది. శరీరంలో ఇలా తిరుగుతూ జారే కీలు అరుదు. పైగా కుడి కీలూ ఎడమ కీలూ ఒకే ఎముకకి రెండు చివర్లు కాబట్టి ఒకటి మొరాయిస్తే రెండోది ఒంటరిగా పని చెయ్యలేదు.

అందుకే కొలతతోపాటు దారి కూడా చూడాలి. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, నెమ్మదిగా నోరు తెరవమని, గడ్డం కొన తిన్నగా కిందికి దిగుతోందో లేదో చూడండి. ఒక పక్కకి పోతూ అక్కడే ఆగిపోతే, అది పోతున్న వైపు కీలు సరిగా జారడం లేదని అనుమానించాలి. కొలత 44 వచ్చినా గడ్డం పక్కకి పోతుంటే నేను ఆ పిల్లని వదిలిపెట్టను.

పళ్లు కొద్దిగా విడదీసి దవడని కుడికి, ఎడమకి జరపమని కూడా అడుగుతాం. పెద్దవాళ్లలో ఒక్కోవైపు 8 నుంచి 12 మిల్లీమీటర్లు జరుగుతుంది. పిల్లల్లో అంకె కంటే రెండువైపులా సమానంగా ఉందా అన్నదే చూస్తాను.

"టక్" అని శబ్దం వస్తోంది. ప్రమాదమా?

నొప్పి లేకుండా, కొలత తగ్గకుండా అప్పుడప్పుడూ వచ్చే శబ్దం చాలామంది పిల్లల్లో ఉంటుంది. దానికి మందు అక్కర్లేదు. మాటిమాటికీ వినిపించి చూపించమని పిల్లని అడగకండి, అదొక అలవాటు అయి కూర్చుంటుంది. శబ్దంతోపాటు నొప్పి ఉన్నా, మధ్యలో దవడ పట్టేసినా చూపించండి.

మా అబ్బాయికి 60 వచ్చింది. ఎక్కువైతే కూడా సమస్యేనా?

ఎక్కువమందిలో కాదు. ఒంట్లో కీళ్లన్నీ వదులుగా ఉండే పిల్లలు కొందరుంటారు. బొటనవేలు వంచి ముంజేతికి ఆనిస్తారు, మోచేతులు వెనక్కి వంగుతాయి. వాళ్ల నోరూ ఎక్కువే తెరుచుకుంటుంది. ఆవలించినప్పుడు దవడ పట్టేసి మూసుకోవడానికి ఇబ్బంది పడుతుంటే డాక్టరుకి చెప్పండి. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించుకోవడం నేర్పిస్తే చాలావరకు సరిపోతుంది.

గడ్డం మీద పడ్డాడు, కుట్లు వేశారు, మానిపోయింది. దవడ కూడా చూపించాలా?

చూపించాలి. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదువుతానంటే ఇదే చదవండి.

పిల్లలు మెట్ల మీద, సైకిల్ మీద, బాత్రూంలో జారి గడ్డం మీద పడతారు. గడ్డం కింద చర్మం చీలుతుంది. రక్తం కారుతుంది కాబట్టి అందరి కళ్లూ అక్కడే ఉంటాయి. కానీ దెబ్బ గడ్డం దగ్గర ఆగదు. దవడ ఎముక వెంట పైకి పాకి చెవి ముందున్న కీలుకి తగులుతుంది. చిన్నపిల్లల్లో ఆ ఎముక గుండు మెత్తగా, రక్తనాళాలతో నిండి ఉంటుంది. అది చితికి కీలులో రక్తం చేరుతుంది. నొప్పికి పిల్లవాడు నోరు తెరవడం మానేస్తాడు. కదలని కీలులో ఆ రక్తం నెమ్మదిగా గట్టిపడి, చివరికి ఎముకా ఎముకా అతుక్కుపోతుంది. మన దేశంలో పిల్లల దవడ కీలు అతుక్కుపోవడానికి ముఖ్య కారణం ఇలాంటి దెబ్బే. చెవిలో చీము బాగా ముదిరి కీలుకి పాకడం ఇంకో కారణం.

ఒక ఆరేళ్ల బాబుని వాళ్ల అమ్మ తీసుకొచ్చింది. ఎనిమిది నెలల కింద అరుగు మీద నుంచి పడ్డాడు. ఒకచోట కుట్లు వేశారు, వారానికి తీసేశారు, దవడ గురించి ఎవరూ మాట్లాడలేదు. "ఈమధ్య ఇడ్లీ కూడా వేళ్లతో నలిపి, పక్క నుంచి తోసుకుంటున్నాడు మేడమ్. పెంకితనం అనుకున్నాం, నేనే రెండు దెబ్బలు కూడా వేశాను" అంది. చెంచా నిలువుగా పెట్టబోతే వెళ్లలేదు. అడ్డంగా తిప్పితే వెళ్లింది. కొలిస్తే 14. వెనక పళ్లన్నీ పుచ్చిపోయి ఉన్నాయి, బ్రష్ అక్కడిదాకా వెళ్తే కదా. ఆ బాబుకి పెద్ద ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది, ఆ తర్వాత నెలల తరబడి రోజూ దవడ వ్యాయామాలు. ఆ తల్లి తప్పు ఏమీ లేదని నేను ఆమెకి చాలాసార్లు చెప్పాను. ఆమెకి ముందే ఎవరైనా కొలవమని చెప్పి ఉంటే మొదటి నెలలోనే వచ్చేది.

అదే ఏడాది ఒక పాప దెబ్బ తగిలిన నాలుగో రోజుకే వచ్చింది. 22 ఉంది, గడ్డం ఎడమకి పోతోంది. స్కాన్‌లో ఎడమ కీలు దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ లేదు. కొన్నాళ్లు మెత్తని తిండి, నొప్పికి మందు, తర్వాత రోజూ నోరు తెరిచే వ్యాయామం. వాళ్ల నాన్న గోడ మీద క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం అంకె రాశారు: 22, 26, 31, 35, 38, 41. ఎముక ఎదుగుదల దెబ్బతినకుండా చూసుకోవడానికి ఆ పాప ఇంకా ఏడాదికోసారి వస్తోంది.

గడ్డం మీద పడినప్పుడు వీటిని చూడండి: చెవి ముందు నొక్కితే నొప్పి, నోరు పక్కకి పోవడం, పళ్లు ఇదివరకట్లా కలవకపోవడం, చెవిలోంచి రక్తం. వీటిలో ఒక్కటి ఉన్నా అదే రోజు చూపించాలి. ఏదీ లేకపోయినా రెండు రోజులకి, వారానికి, ఆ తర్వాత మూడు నెలల పాటు నెలకోసారి కొలవండి.

నొప్పి లేదు, దెబ్బ లేదు. అయినా కొలత తగ్గుతూ వస్తోంది. ఏమై ఉంటుంది?

నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. పిల్లల్లో వచ్చే కీళ్లవాతం దవడ కీలుని చాలాసార్లు చప్పుడు చెయ్యకుండా పట్టుకుంటుంది. పదహారేళ్లలోపు మొదలై ఆరు వారాలకు పైగా ఉండే కీలు వాపుని ఈ జబ్బు కింద లెక్కవేస్తారు. మోకాలు వాస్తే ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. దవడ కీలు వాస్తే కనిపించదు. దవడ ఎదిగే చోటు అక్కడే కాబట్టి, ఏళ్లు గడిచేసరికి గడ్డం చిన్నదిగా, ఒక పక్కకి ఉండిపోతుంది. ఇప్పటికే కీళ్లవాతానికి మందులు వాడుతున్న పిల్లలకి నోటి కొలత ప్రతిసారీ తీసుకోవాలి. కొలత మామూలుగా ఉన్నంత మాత్రాన కీలు బాగుందని గ్యారంటీ లేదు. అనుమానం ఉంటే ఎమ్మారై చెయ్యాల్సిందే.

టీనేజీలో, ఎక్కువగా అబ్బాయిల్లో, దవడ ఎముక పక్కనుండే కొమ్ములాంటి భాగం అతిగా పెరిగి చెంప ఎముకకి అడ్డుపడటం కూడా ఉంటుంది. ఇదీ నొప్పి లేకుండానే వస్తుంది. అరుదు.

వక్కపొడికీ నోరు తెరుచుకోవడానికీ సంబంధం ఉందా?

ఉంది. గుట్కాలో పొగాకు మాత్రమే చెడ్డదనుకుంటారు. నోరు బిగుసుకునేలా చేసేది వక్క. బడి పక్క కొట్లో దొరికే తీపి వక్కపొడి పొట్లంలో పొగాకు లేకపోయినా వక్క ఉంటుంది. అది రోజూ నమిలితే బుగ్గల లోపలి పొర తెల్లబడి, నార కట్టి, గట్టిపడుతుంది. మొదట కారం తగిలితే మంట. తర్వాత బుగ్గ ఊదలేకపోవడం, నాలుక పూర్తిగా బయటపెట్టలేకపోవడం. చివరికి కొలత తగ్గడం. ఒకసారి కట్టిన నార పూర్తిగా పోదు, నోటి క్యాన్సర్ ప్రమాదమూ ఉంటుంది. పదో తరగతి అబ్బాయికి 28 వచ్చిందంటే నేను తిట్టను, తలుపు వేసి ఒంటరిగా కూర్చోబెట్టి మెల్లగా అడుగుతాను. తిడితే నిజం చెప్పరు.

నిన్న బాగానే ఉంది, ఇవాళ నోరు తెరవలేకపోతోంది. ఏం చెయ్యాలి?

చాలాసార్లు కారణం చిన్నదే: వెనక పంటికి చీము, గవదబిళ్లలు, గొంతులో ఇన్‌ఫెక్షన్. కానీ జ్వరం, చొంగ కారడం, మింగలేకపోవడం, గొంతు మారిపోవడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యండి. ఈమధ్య గాయం అయి, టీకాలు సరిగా వేయించని పిల్లలకి దవడ బిగిస్తే ధనుర్వాతం అని అనుమానించాలి. ఐదారేళ్లకి, పదేళ్లకి, పదహారేళ్లకి వేయించాల్సిన బూస్టర్లు చాలామంది మరిచిపోతారు. కార్డు తీసి చూసుకోండి.

కింది వెనక పంటికి మత్తు ఇంజెక్షన్ చేశాక రెండు మూడు రోజులు నోరు కాస్త పట్టేసినట్టు ఉండటం మామూలే. గోరువెచ్చని కాపడం పెడుతూ నెమ్మదిగా నోరు కదిలిస్తుంటే తగ్గుతుంది. వారానికి తగ్గకపోతే ఆ డాక్టరుకే చెప్పండి.

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు నోరు తెరవమన్నారు. ఎందుకు?

మత్తులో ఉన్నప్పుడు ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వెయ్యాలి. దానికి నోరు తగినంత తెరుచుకోవాలి. తక్కువ తెరుచుకుంటుందని ముందే తెలిస్తే వాళ్లు వేరే ఏర్పాట్లతో సిద్ధంగా ఉంటారు. మీ దగ్గర పాత కొలత ఉంటే చూపించండి. ఊగుతున్న పళ్లు ఉంటే అవీ చెప్పండి.

నోరు పెద్దగా తెరుచుకోవడానికి వ్యాయామాలు చేయించాలా?

ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి ఏమీ అక్కర్లేదు. 38ని 45 చేద్దామని వేళ్లు పెట్టి సాగదీయకండి. దెబ్బ తగిలాకో ఆపరేషన్ తర్వాతో అయితే వ్యాయామమే మందు. కానీ ఎంత, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది డాక్టరు చెప్పాలి.

మూడేళ్లలోపు పిల్లలకి కొలవాలా?

పాలు తాగుతూ, ఏడుస్తూ, ఆవలిస్తూ ఉన్నప్పుడు నోరు తిన్నగా, ధారాళంగా తెరుచుకుంటే చాలు. చెప్పిన మాట విని తెరిచే వయసు రాకుండా వచ్చే అంకెని నమ్మలేం. పుట్టినప్పటి నుంచి నోరు తక్కువ తెరుచుకుంటోందని అనిపిస్తే మాత్రం వయసుతో పని లేదు, పిల్లల డాక్టరుకి చూపించండి.

ఎన్నాళ్లకోసారి కొలవాలి? ఎక్కడ రాసుకోవాలి?

నాలుగేళ్లు నిండాక మొదటిసారి. ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి. పుట్టినరోజుకి ఎత్తు గీసే అలవాటు ఉంటే అదే రోజు ఇదీ చేసెయ్యండి. టీకాల కార్డు వెనక ఖాళీ పేజీలో రాస్తే డాక్టరు దగ్గరికి దానితోపాటే వస్తుంది. నేను రాసే తీరు ఇలా ఉంటుంది: "6 ఏళ్ల 2 నెలలు. 41. పై కుడి ముందు పన్ను, కింది కుడి ముందు పన్ను, రెండూ పాలపళ్లే. తిన్నగా తెరిచింది. నొప్పి లేదు. అట్టముక్కతో."